టెలిఫోటో జూమ్ ఎంచుకోవడం: ముందు దూరం, తర్వాత వెలుతురు, ఆ తర్వాతే లెన్స్

వన్యప్రాణుల కోసమో ఆటల కోసమో టెలిఫోటో జూమ్ కొనబోయేవాళ్లు మొదట అడిగేది ఒకటే: 400 ఎంఎం సరిపోతుందా, 600 కావాలా? దీనికి జవాబు లెన్సుల జాబితాలో దొరకదు. మీరు నిలబడే చోటికీ, తీయబోయే పిట్టకో ఆటగాడికో మధ్య మామూలుగా ఎన్ని మీటర్లు ఉంటాయో తెలిస్తే చాలు, కాగితం మీదే తేలిపోతుంది.

తీయబోయేదాని పొడవును దూరంతో భాగించి, ఫోకల్ లెంగ్త్‌తో (లెన్సు మీద ఉండే 400, 600 లాంటి ఎంఎం అంకె) గుణించండి. సెన్సర్ మీద దాని బొమ్మ ఎన్ని మిల్లీమీటర్లు పడుతుందో వస్తుంది. ముక్కు కొస నుంచి తోక చివరి దాకా 30 సెంటీమీటర్లున్న పిట్ట 20 మీటర్ల దూరంలో కొమ్మ మీద వాలిందనుకుందాం. 0.3ని 20తో భాగించి 400తో గుణిస్తే 6 మి.మీ. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మి.మీ., అంటే ఫ్రేములో పిట్ట ఆరో వంతు. 24 మెగాపిక్సెల్ కెమెరాలో అడ్డంగా 6000 పిక్సెళ్లుంటే, పిట్టకు దక్కేవి 1000. అక్కడే నిలబడి 600 వాడితే 9 మి.మీ., 1500 పిక్సెళ్లు. 1000 పిక్సెళ్ల పిట్ట ఫోన్ తెర మీద ముచ్చటగానే ఉంటుంది. పెద్ద ప్రింటు వేసినప్పుడు మాత్రం రెక్క మీద ఈకలు విడివిడిగా కనబడవు, ముద్దగా అతుక్కుపోతాయి.

ఇదే లెక్క మైదానంలో వేరే సంగతి చెబుతుంది. 1.8 మీటర్ల ఆటగాడు 60 మీటర్ల దూరంలో ఉంటే 400తో 12 మి.మీ. వస్తాడు. ఫ్రేము ఎత్తు 24 మి.మీ. కాబట్టి సగం. చుట్టూ కాస్త చోటుంది, బంతి కూడా ఫ్రేములో పడుతుంది, బాగుంది. ఆ ఆటగాడే పరుగెత్తుకుంటూ 15 మీటర్ల దాకా వచ్చేస్తే 400 దగ్గర 48 మి.మీ. అవుతాడు, ఫ్రేములో పట్టడు. 100కి వెనక్కి తిప్పితే 12 మి.మీ., మళ్లీ సగం. 200-600 చేతిలో ఉంటే ఎంత వెనక్కి తిప్పినా 24 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది. తల ఫ్రేము అంచుకు తగులుతుంది, చెయ్యి పైకెత్తాడా తెగిపోతుంది. అందుకే ఆటలకు జూమ్ ఎక్కడిదాకా వెళ్తుందో చూసినంత శ్రద్ధగా ఎక్కడ మొదలవుతుందో కూడా చూడాలి. బయట మైదానంలో పగటి ఆటలకు 100-400 తరగతి, పిట్టలకు 150-600, 180-600, 200-600 తరగతి నప్పుతాయి. వాహనంలోంచి ఏనుగులు, జింకలు తీసేవాళ్లకు 600 తరచూ ఎక్కువైపోతుంది, 100-400 లేదా 100-500 హాయిగా ఉంటుంది.

క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) గురించి ఒక అపోహ బాగా పాతుకుపోయింది. 600 ఎంఎం లెన్సు క్రాప్ బాడీ (క్రాప్ సెన్సర్ ఉన్న కెమెరా) మీద 900 అయిపోదు. సెన్సర్ మీద పిట్ట బొమ్మ 9 మిల్లీమీటర్లే ఉంటుంది, చుట్టూ ఉన్న చోటు మాత్రమే తగ్గుతుంది. లాభం వచ్చేది ఆ 9 మిల్లీమీటర్లలో ఎక్కువ పిక్సెళ్లు ఇరికితేనే. 45 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ ఫొటోను 1.5 రెట్లు క్రాప్ చేసినా ఇంకా 20 మెగాపిక్సెళ్లు మిగులుతాయి. మీ దగ్గర అలాంటి బాడీ ఉంటే, ఫోకల్ లెంగ్త్ కోసం వెంపర్లాడే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

వెలుతురు

లెన్సు మీద రాసిన ఎఫ్ నంబరు ఊరికే పెట్టింది కాదు. ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ నంబరుతో భాగిస్తే వెలుతురు లోపలికి వచ్చే ద్వారం వ్యాసం వస్తుంది. 600ని 6.3తో భాగిస్తే 95 మి.మీ. సోనీ 200-600, నికాన్ జెడ్ 180-600 రెండింటికీ ఫిల్టర్ సైజు 95 ఎందుకో ఇక్కడే తెలుస్తుంది. అదే 600ని ఎఫ్ 4తో కావాలంటే ముందు గాజు 150 మి.మీ. ఉండాలి. బరువూ ఖరీదూ ఎందుకు అంతలా ఎగబాకుతాయో దీంట్లోనే ఉంది.

ఎఫ్ 2.8 నుంచి ఎఫ్ 5.6కి రెండు స్టాపులు తేడా; ఒక్కో స్టాపుకూ వెలుతురు సగానికి తగ్గుతుంది. ఎఫ్ 2.8, సెకనులో 1000వ వంతు, ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) 1600తో వచ్చే ఎక్స్‌పోజర్‌కి ఎఫ్ 5.6 దగ్గర ఐఎస్‌ఓ 6400 కావాలి, ఎఫ్ 6.3 దగ్గర 8000. ఎగిరే పిట్ట కోసం షటర్‌ను 1/2000కి పెంచితే 16000. రా (కెమెరా మెరుగులు దిద్దని ముడి ఫైలు) ఫార్మాట్‌లో తీసి నాయిజ్ (ఫొటోలో వచ్చే గరుకు చుక్కలు) తగ్గించే సాఫ్ట్‌వేర్ వాడితే ఇప్పటి కెమెరాల్లో ఐఎస్‌ఓ 6400 చక్కగా గట్టెక్కుతుంది. 16000 దగ్గర ఈకల వివరం పోవడం మొదలవుతుంది. ఉదయం ఎండ పడ్డాక, సాయంత్రం చీకటి పడకముందు తీసేవాళ్లకు ఎఫ్ 6.3 సరిపోతుంది. దట్టమైన చెట్ల నీడలో తెల్లవారుజామున తీసేవాళ్లకు చాలదు.

ఇండోర్ ఆటలకు, అంటే బ్యాడ్మింటన్, బాస్కెట్‌బాల్ లాంటివాటికి, ఎఫ్ 5.6 జూమ్ కొనకండి. అక్కడ దూరాలు తక్కువ, వెలుతురు ఇంకా తక్కువ. 70-200 ఎఫ్ 2.8 ఒక్కటే సరైన దారి. పాత మోడల్ అయినా ఫర్వాలేదు, ఎఫ్ 2.8 మాత్రం వదలకండి. ఫ్లడ్‌లైట్ల కింద పెద్ద మైదానంలో తీయాలంటే 300 ఎఫ్ 2.8 లేదా 400 ఎఫ్ 2.8 స్థాయి కావాలి. జూముల్లో కెనాన్ ఆర్ఎఫ్ 100-300 ఎఫ్ 2.8 ఉంది, కానీ 2.6 కిలోల దాకా బరువు.

పెట్టె మీద ‘5.6-6.3’ అని రాసినప్పుడు 5.6 జూమ్ వెనక్కి లాగినప్పుడే. మీరు ఎక్కువగా వాడేది చివరి కొస కాబట్టి పెద్ద నంబరునే మీ అపర్చర్ (వెలుతురు ద్వారం) అనుకొని లెక్క వేసుకోండి.

స్టెబిలైజేషన్ మీ చేతి వణుకును ఆపుతుంది, జింక పరుగును ఆపదు. ‘ఐదు స్టాపుల స్టెబిలైజేషన్ ఉంది కదా’ అని 1/100లో తీస్తే చెట్టు కాండం నిక్కచ్చిగా వస్తుంది, జింక కాళ్లు పొగలా వస్తాయి. కదలకుండా కూర్చున్న పిట్టకు 1/500 చాలు. పరుగెత్తే ఆటగాడికి కనీసం 1/1000. ఎగిరే పిట్టకు 1/2000 నుంచి 1/3200, చిన్న పిట్టలకు ఇంకా పైన. కావాలనే 1/60, 1/125లో ప్యానింగ్ (కదిలేదాని వెంట కెమెరాను తిప్పుతూ తీయడం) చేసేటప్పుడు స్టెబిలైజేషన్‌ను మోడ్ 2కి మార్చండి. మోడ్ 1లోనే ఉంచితే కొన్ని లెన్సులు మీరు తిప్పే కదలికనూ వణుకే అనుకొని ఎదురు లాగుతాయి, ఫ్రేము కుదుపుతో సాగుతుంది.

ఫోకస్ దగ్గర తేడాలు

లెన్సు పక్కన ‘ఫుల్’ అనీ ‘10 మీటర్ల నుంచి అనంతం’ అనీ ఉండే చిన్న స్విచ్ ఫోకస్ లిమిటర్. దూరం మోడల్‌ను బట్టి మారుతుంది. ఇది లేని పొడవాటి జూమ్ కొనొద్దని గట్టిగా చెబుతాం. పొదలోంచి పిట్ట లేచింది, ఫోకస్ గురి తప్పి ముందున్న గడ్డిని పట్టింది. స్విచ్ ‘ఫుల్’లో ఉంటే మోటారు దగ్గరి కొస దాకా వెళ్లి, తిరిగి దూరం కొస దాకా వస్తుంది. అంతలో పిట్ట ఫ్రేములో ఉండదు. లిమిటర్ పెట్టి ఉంటే ఆ వెతుకులాట చాలావరకు తప్పుతుంది. తర్వాత మూడు మీటర్ల దూరంలో సీతాకోకచిలుక వాలినప్పుడు లెన్సు అసలు ఫోకస్ అవ్వదు. పాడైందేమోనని కంగారు పడే ముందు ఆ స్విచ్ చూడండి.

థర్డ్ పార్టీ లెన్సులు (కెమెరా కంపెనీ కాక వేరే కంపెనీలు చేసేవి) ఇప్పుడు నిజంగా బాగుంటున్నాయి. సిగ్మా 150-600, టామ్రాన్ 150-500 రెండూ షార్ప్‌గానే ఉంటాయి. అయితే సోనీ బాడీల మీద వీటికి రెండు పరిమితులున్నాయి: సెకనుకు 20, 30 ఫ్రేములు తీయగల బాడీ కూడా వీటితో 15 దగ్గర ఆగుతుంది, సోనీ టెలికన్వర్టర్లు (లెన్సుకూ కెమెరాకూ మధ్య తగిలించి ఫోకల్ లెంగ్త్ పెంచేవి) వీటికి పనిచేయవు. పిట్టలకు 15 చాలు. బ్యాట్‌కు బంతి తగిలే క్షణం కావాలనుకునేవాళ్లు మాత్రం ఆలోచించాలి. అడాప్టర్‌తో పాత లెన్సు వాడదామనుకుంటే, లెన్సులోనే మోటారు ఉందో లేదో ముందు చూసుకోండి. నికాన్ ఏఎఫ్-డి లెన్సుల్లో మోటారు లేదు, ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లోనూ లేదు, కాబట్టి ఆటోఫోకస్ రాదు.

టెలికన్వర్టర్ మీద ఆశ పెట్టుకొని చిన్న జూమ్ కొనడం పొరపాటు. 1.4 ఎక్స్ ఒక స్టాపు తింటుంది, 2 ఎక్స్ రెండు. ఎఫ్ 6.3 కాస్తా ఎఫ్ 9 లేదా ఎఫ్ 13 అవుతుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లలో (లోపల అద్దం ఉండే కెమెరాలు) ఆటోఫోకస్ ఎఫ్ 5.6 దాకా, కొన్నింటిలో ఎఫ్ 8 దాకా మాత్రమే నమ్మకంగా పనిచేస్తుంది. మిర్రర్‌లెస్‌లో పనిచేసినా, నీడలో తడబడుతుంది. కెనాన్ ఆర్ఎఫ్ 100-500కి ఇంకో చిక్కు: కన్వర్టర్ తగిలిస్తే జూమ్ 300 కంటే వెనక్కి రాదు, 300 నుంచి 500 మధ్యే తిరుగుతుంది.

చేతిలో పట్టినప్పుడు

సోనీ 200-600, నికాన్ 180-600 తిప్పినప్పుడు పొడవు పెరగవు. బరువు కేంద్రం కదలదు, కాబట్టి మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) మీద గానీ గింబల్ (బరువైన లెన్సును తేలిగ్గా తిప్పనిచ్చే స్టాండు తల) మీద గానీ మళ్లీ సర్దుకోనక్కర్లేదు. రింగు కొస నుంచి కొసకు పావు చుట్టు కూడా తిరగదు, చేతి పట్టు మార్చకుండానే అయిపోతుంది. బదులుగా సంచిలో ఎప్పుడూ పూర్తి పొడవు ఆక్రమిస్తాయి. సాగే జూములు సంచిలో చిన్నగా ఒదుగుతాయి, కానీ ముందు భాగం సాగిన ప్రతిసారీ లోపలికి గాలి పీల్చుకుంటాయి, దుమ్ములో అది మంచిది కాదు. వాన పడుతుంటే సాగిన గొట్టాన్ని తుడిచాకే లోపలికి తిప్పండి.

ట్రైపాడ్ కాలర్ (లెన్సు చుట్టూ ఉండి స్టాండుకు బిగించే పట్టీ) లేకుండా నికాన్ 180-600, సోనీ 200-600 రెండు కిలోలకు అటూ ఇటూ, కెనాన్ ఆర్ఎఫ్ 100-500 సుమారు 1.4 కిలోలు. 600 గ్రాముల తేడా కాగితం మీద చిన్నదే. కొనే ముందు మీ బాడీకి తగిలించి, కంటికి ఆనించి రెండు నిమిషాలు అలాగే ఉండండి. ఎడమ చెయ్యి దించాలనిపిస్తే మోనోపాడ్ ఖర్చూ కలుపుకోండి, లేదా చిన్న లెన్సు తీసుకోండి. చేతిలో ఉన్న 400, సంచిలో ఉన్న 600 కంటే ఎక్కువ ఫొటోలు తెస్తుంది. మోసేటప్పుడు కాలర్ పాదాన్ని పట్టుకోండి, కెమెరాను పట్టుకొని వేలాడదీస్తే భారమంతా మౌంట్ (లెన్సు కెమెరాకు బిగిసే చోటు) మీద పడుతుంది.

కొన్నాక, తిరిగిచ్చే గడువులోపే పరీక్ష పెట్టండి. ఇటుక గోడకు ఎదురుగా, సెన్సర్ గోడకు సమాంతరంగా, ట్రైపాడ్ మీద, స్టెబిలైజేషన్ ఆపి, రెండు సెకన్ల టైమర్‌తో, చివరి ఫోకల్ లెంగ్త్‌లో, పూర్తిగా తెరిచిన అపర్చర్‌తో తీయండి. ప్రతిసారీ ఫోకస్ చెడగొట్టి మళ్లీ పట్టిస్తూ ఐదు ఫొటోలు చాలు. ఐదూ ఒకేలా ఉండాలి. నాలుగు మూలల్లో ఒక్కటే మసకగా ఉంటే, ముందు కెమెరా వంకరగా లేదని చూసుకోండి. ఆ తర్వాతా అదే మూల మసకబారితే లోపల గాజు పక్కకు జరిగినట్టే, మార్పించుకోండి. మధ్యాహ్నం ఎండలో దూరంగా తీసి లెన్సు మెత్తగా ఉందని తీర్మానించకండి. వేడి నేల మీద గాలి అలలాడుతుంటే ఎంత ఖరీదైన లెన్సయినా అలాగే తీస్తుంది. ముందు అంచుకు చవక ఫిల్టర్ ఉంటే తీసేసి ఒకసారి చూడండి, పొడవాటి ఫోకల్ లెంగ్త్‌లో దాని లోపం బాగా బయటపడుతుంది.

సెకండ్ హ్యాండ్ అయితే వెనక నుంచి టార్చి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు దారాల్లా కనిపిస్తే ఫంగస్, వదిలేయండి. నాలుగైదు దుమ్ము రేణువులు ఫొటోలో కనబడవు, వాటికి భయపడొద్దు. ఊపితే లోపల ఏదో కదిలినట్టు వినిపించడం కూడా చాలా లెన్సుల్లో మామూలే: పవర్ లేనప్పుడు స్టెబిలైజర్ గాజో లీనియర్ మోటారు గాజో వదులుగా ఉంటుంది. కెమెరాకు తగిలించి ఆన్ చేశాక కూడా ఆ చప్పుడు ఆగకపోతే అప్పుడు అనుమానించాలి.