మలుపులో బండి మాట వినకపోతే: సెకండ్ హ్యాండ్ బైక్‌లో తప్పు పట్టుకునే పద్ధతి

తిన్నటి రోడ్డు మీద సాఫీగా పోయే పాత బండి మలుపు దగ్గరికొచ్చేసరికి తేడా చేస్తుంది. ఒకటి ఎడమకి తేలిగ్గా వంగి కుడికి మొరాయిస్తుంది. ఇంకోటి వంచీ వంచకముందే దబ్బున లోపలికి పడిపోతుంది. మరోదానికి మలుపు మధ్యలో వెనక భాగం ఈదుతున్నట్టు ఊగుతుంది. షెడ్డుకి తీసుకెళ్తే చాలాసార్లు ముందుగా వినిపించే మాట "కోన్ సెట్ పోయింది, మార్చేద్దాం". కోన్ సెట్ అంటే హ్యాండిల్ తిరిగే మెడలో ఉండే బాల్స్, అవి కూర్చునే కప్పులు. పోయి ఉండొచ్చు. కానీ దాన్ని విప్పించేముందు గాలి, టైరు, చక్రాల వరుస (రెండు చక్రాలూ ఒకే గీతలో ఉన్నాయా అన్నది) చూసుకోవాలి. చూడ్డానికి పైసా ఖర్చు లేదు, అసలు తప్పు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ముందు బండి ఏం చేస్తోందో కచ్చితంగా తెలియాలి. బండ్లు తిరగని మైదానంలోనో, ఇళ్లు ఇంకా కట్టని కొత్త లేఔట్ రోడ్డు మీదో, హెల్మెట్ పెట్టుకుని 30–40 స్పీడులో ఎడమకి నాలుగుసార్లు, కుడికి నాలుగుసార్లు తిప్పి చూడండి. వడ్లు ఆరబోసిన రోడ్డు, ఇసుక మేట వేసిన అంచు ఈ పనికి పనికిరావు. రెండు వైపులా ఒకేలా తేడా చేస్తే గాలి, టైరు, కోన్ సెట్, షాకప్‌లు చూడాలి. ఒక వైపే తేడా ఉంటే చక్రాల వరుస, మెలితిరిగిన ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్లు), హ్యాండిల్‌ని లాగుతున్న కేబుల్ మీద అనుమానం పెట్టుకోవాలి. గీతలు కోసిన సిమెంటు రోడ్డు మీద మాత్రమే ముందు చక్రం అటూ ఇటూ జరుగుతుంటే అది టైరు గాడులు రోడ్డు గీతల్ని పట్టుకోవడమే. దానికి ఏమీ విప్పక్కర్లేదు.

గాలి, టైరు

గాలి చల్లటి టైరులోనే చూడాలి. బండి కనీసం మూడు గంటలు ఆగి ఉంటే మంచిది. ముందు 80/100-17, వెనక 100/90-17 టైర్లున్న పల్సర్ 150కి ఒక్కరే వెళ్లేటప్పుడు ముందు 25, వెనక 28 పీఎస్ఐ, వెనక మనిషి ఉంటే వెనక 32. మిగతా బండ్లకి మాన్యువల్‌లోనో, బండి మీద అంటించిన స్టిక్కర్‌లోనో ఉంటుంది. ముందు టైరులో గాలి 15కి పడిపోతే హ్యాండిల్ బరువెక్కుతుంది, వంచుతుంటే బండి మళ్లీ నిలబడాలని చూస్తుంది. వెనక తగ్గితే మలుపులో తోక ఊపుతుంది. గాలి మిషన్ల లెక్కలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి సొంతంగా చిన్న గేజ్ కొనుక్కోండి.

తర్వాత ఒక స్టీలు స్కేలు తీసుకుని వెనక టైరు మీద అడ్డంగా పెట్టండి. మంచి టైరు గుండ్రంగా ఉంటుంది, స్కేలు నడుమ మాత్రమే ఆని రెండు వైపులా వెలుతురు కనిపిస్తుంది. హైవే మీద తిన్నగా తిరిగి తిరిగి అరిగిన టైరు మీద మూడు నాలుగు సెంటీమీటర్ల మేర స్కేలు అతుక్కుని కూర్చుంటుంది. ఆ చదును ఎక్కడ అయిపోతుందో అక్కడ వేలితో తడిమితే గట్టులాంటి అంచు తగులుతుంది. బండి వంగాలంటే ఆ గట్టు ఎక్కి దిగాలి. అందుకే మొదట మొండికేస్తుంది, ఆ తర్వాత ఒక్కసారిగా పడుతుంది. గాడులు ఇంకా మిగిలి ఉన్నా సరే, ఈ టైరుకి మార్చడం తప్ప మందు లేదు.

ముందు టైరు మీద అరచేతిని ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి పోనివ్వండి. ఒక వైపు నున్నగా, రెండో వైపు రంపం పళ్లలా తగిలితే అరుగుదల సమంగా లేదన్నమాట. స్పీడు తగ్గేటప్పుడు హ్యాండిల్ వణకడానికి ఇదీ ఒక కారణం. టైరు పక్కన ఉండే నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి: 2319 అంటే 2019లో 23వ వారం. గాడులు ఎంత లోతున్నా, పక్కలు పగిలి రబ్బరు రాయిలా గట్టిపడితే ఆ టైరు తీసేయాల్సిందే. బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందో లేదో కూడా చూడండి.

ముందు ఓనరు సోకుకి వెనక లావు టైరు వేయించి ఉంటే అది వేరే కథ. సన్నటి రిమ్ము లావు టైరు అంచుల్ని దగ్గరికి నొక్కేస్తుంది, టైరు ఆకారమే మారిపోతుంది. కంపెనీ సైజుకి తిరిగి రావడం ఒక్కటే దారి.

చక్రాల వరుస

వెనక చక్రాన్ని ముందుకీ వెనక్కీ జరిపే చైన్ అడ్జస్టర్ దగ్గరి గీతల్ని నమ్మొద్దు. రెండు వైపులా ఒకే గీత మీద ఉన్నా చక్రం వంకరగా ఉండొచ్చు. పురికొస తాడుతో కొలవండి. ఒకరు బండిని నిటారుగా పట్టుకోవాలి. తాడు మధ్యభాగాన్ని వెనక టైరు వెనకాల చుట్టి, స్టాండుకి, సైలెన్సర్‌కి తగలనంత ఎత్తులో రెండు కొసల్నీ ముందు చక్రం దాటి లాగాలి. రెండు వైపులా తాడు వెనక టైరు ముందంచుని అప్పుడప్పుడే తాకేలా పట్టుకుని, హ్యాండిల్ తిన్నగా పెట్టి, ముందు టైరుకి రెండు పక్కలా ఖాళీ కొలవండి. వెనక 100, ముందు 80 మిల్లీమీటర్ల టైర్లకి ఒక్కో పక్క సుమారు 10 మిల్లీమీటర్లు రావాలి. ఒక పక్క 4, రెండో పక్క 16 వస్తే వెనక చక్రం పక్కకి చూస్తోంది.

వెనక యాక్సిల్ (చక్రం ఇరుసు) నట్టు వదులు చేసి అడ్జస్టర్ నట్టుని పావు చుట్టు చొప్పున తిప్పుతూ మళ్లీ మళ్లీ కొలవండి. చివర్లో చైన్ లూజు, అంటే చైన్ మధ్యలో పైకీ కిందికీ ఎంత ఆడుతోందో చూడాలి. చాలా కమ్యూటర్ బండ్లకి 25–30 మిల్లీమీటర్లు సరిపోతుంది.

వెనక చక్రం సరిచేశాక కూడా హ్యాండిల్ తిన్నగా ఉన్నప్పుడు ముందు చక్రం పక్కకి చూస్తుంటే, ఎప్పుడో పడినప్పుడు ఫోర్కులు టీలో (రెండు ఫోర్కుల్నీ పైనా కిందా కలిపి పట్టే బిగింపుల్లో) మెలితిరిగాయి. ముందు యాక్సిల్ నట్టు, కింది టీ బోల్టులు, పైవి సగం వదులు చేసి, చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగబట్టి హ్యాండిల్‌ని తిన్నగా తిప్పండి. ముందు బ్రేకు పట్టి ఫోర్కుని ఐదారుసార్లు నొక్కి వదిలి, మొదట కింది బోల్టులు, తర్వాత పైవి, ఆఖర్న యాక్సిల్ బిగించండి. అయినా తేడా పోకపోతే ఫోర్కు రాడ్ వంగింది. విప్పించి చదునైన గాజు పలక మీద దొర్లిస్తే వంకర కంటికే కనిపిస్తుంది.

కోన్ సెట్

సెంటర్ స్టాండ్ వేసి ఇంజిన్ కింద చెక్క దిమ్మ పెట్టి ముందు చక్రం నేలకి తగలకుండా లేపండి. రెండు వేళ్లతో హ్యాండిల్‌ని నెమ్మదిగా ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పండి. సరిగ్గా మధ్యలో టక్కున గాడిలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్ కప్పులు అరిగిపోయాయి. విప్పాక కప్పుని కిరసనాయిలు గుడ్డతో తుడిచి గోరు పెట్టి లాగితే బాల్స్ కొట్టిన చిన్న చిన్న గుంటలు వరసగా తగులుతాయి. తిన్నగా పోయేటప్పుడు బాల్స్ ఆ గుంటల్లోనే కూర్చుంటాయి. అందుకే బండి మలుపుకి ఒప్పుకోదు, ఒప్పుకున్నాక అవసరానికి మించి తిరుగుతుంది. ఇలాంటి దాన్ని బిగిస్తే బాగుపడదు, ఇంకా మొరాయిస్తుంది. సెట్టు మొత్తం మార్చాలి, పాత కప్పులో కొత్త బాల్స్ వేయనివ్వకండి.

తర్వాత ఫోర్కుల్ని కింద పట్టుకుని ముందుకి వెనక్కి లాగండి. టీకీ ఫ్రేముకీ మధ్య వేలు పెడితే కదలిక ఎక్కడుందో తెలుస్తుంది. అక్కడ కదిలితే కోన్ సెట్ లూజు, అక్కడ కదలకుండా ఫోర్కులోనే కటకటలాడితే ఫోర్కు బుష్‌లు అరిగాయి.

కొత్త సెట్టు వేసేటప్పుడు పైన ఎన్ని బాల్స్, కింద ఎన్ని బాల్స్ వచ్చాయో లెక్కపెట్టి నిండా గ్రీజు పెట్టించండి. కోన్ సెట్‌ని బిగించే రింగ్ నట్టుని సీ-స్పానర్‌తో (కొక్కెం లాంటి పానా) ఎనిమిదో వంతు చుట్టు చొప్పున బిగిస్తూ చూడాలి. కదలిక పోవాలి, కానీ మధ్యలోంచి వేలితో తోస్తే హ్యాండిల్ తన బరువుకి తానే చివరిదాకా పడాలి. అతిగా బిగిస్తే నెమ్మదిగా పోయేటప్పుడు బండి పాములా వంకర్లు పోతుంది. పై నట్టు బిగించాక మరోసారి పరీక్షించండి, దాంతోపాటు రింగ్ నట్టు కూడా కాస్త బిగుసుకుంటుంది. 300–500 కిలోమీటర్ల తర్వాత బాల్స్ కుదురుకుని లూజు వస్తుంది, అప్పుడు మళ్లీ సరిచేయించాలి.

హ్యాండిల్ తిప్పుతుంటే ఇంజిన్ రేజ్ పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ ఎక్కడో బిగుసుకుంటోంది. దారి మార్చి కట్టిస్తే చాలు.

వెనక ఊపు

సెంటర్ స్టాండ్ మీదే వెనక టైరుని పట్టుకుని పక్కలకి తోయండి. స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని ఫ్రేముకి కలిపే చేయి) నిలకడగా ఉండి చక్రం ఒక్కటే ఆడితే చక్రం బేరింగులు పోయాయి. పాతదాని మీద చెక్కిన నంబరు చూసి అదే తెచ్చుకోండి. లోపల రెండు బేరింగుల మధ్య ఉండే స్పేసర్ మరిచిపోతే యాక్సిల్ బిగించగానే చక్రం పట్టేస్తుంది, కొత్త బేరింగులు కొద్ది రోజుల్లోనే పోతాయి. స్వింగ్ ఆర్మే ఫ్రేము దగ్గర కదిలితే బుష్‌లు మార్చాలి. రబ్బరు బుష్‌లైతే పివట్ నట్టు చివరి బిగింపు బండి నేల మీద బరువుతో నిలబడ్డాకే. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరుగుతుంది.

రెండు వెనక షాకప్‌లూ స్ప్రింగు బిగింపులో ఒకే మెట్టు మీద ఉన్నాయా? పాత బండ్లలో ఒకటి రెండో మెట్టు, ఇంకోటి నాలుగో మెట్టు మీద ఉండటం మామూలే. ఫోర్కు ఆయిల్ కూడా రెండు కాళ్లలో సమానంగా ఉండాలి. డబ్బాతో అంచనాగా పోయనివ్వకండి, మాన్యువల్‌లో ఉన్నన్ని మిల్లీలీటర్లు కొలత గ్లాసుతో పోయించండి.

ఒక్కో మార్పు చేశాక అదే మైదానంలో అదే స్పీడులో తిప్పి చూడండి. రెండు పనులు ఒకేసారి చేయిస్తే తప్పు దేనిదో తేలదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా బండి ఒక వైపే లాగుతుంటే ట్యాంకు తీయించి హ్యాండిల్ మెడ దగ్గర ఫ్రేము చూడండి. పెయింటు సన్నగా చీలిందా, కంపెనీది కాని వెల్డింగ్ ఉందా, హ్యాండిల్ చివరిదాకా తిరిగినప్పుడు తగిలే స్టాపర్ నలిగిందా. వీటిలో ఒక్కటి కనిపించినా ఫ్రేముని గేజ్ మీద కొలిచే షాపుకే తీసుకెళ్లండి. బండి ఇంకా కొనకపోతే, బేరం అక్కడితో ఆపేయండి.