గోమారి కరిస్తే ఎట్ల తీయాలె
దేవరకొండ దిక్కు గొర్లు కాసేటోళ్లు ఇంటికొచ్చినంక చంకలు, చెవుల ఎనక, మొలతాడు కాడ తడిమి చూస్కోండ్రి, గోమారి కరిచింది తెల్వనే తెల్వది ఎందుకంటే దాని ఉమ్మిల నొప్పి, దురద తెల్వనియ్యని ప్రోటీన్లు ఉంటయ్. అసలు భయం దీనికే: ఆ ఉమ్మి తెల్ల రక్తకణాలను కాటు కాడికి పిలిచే సిగ్నల్‌నే పట్టి ఆపుతది, ఇగ గోమారి నుంచి ఒంట్లకొచ్చే బాక్టీరియాకు అడ్డం తగ్గుతది. అమెరికా దిక్కు గోమారి కాటుతోని వచ్చే లైమ్ జబ్బు బాక్టీరియా అయితే సాల్ప్15 అనే ఉమ్మి ప్రోటీన్‌ను తన ఒంటికి కప్పుకొని మన రోగనిరోధక శక్తి నుంచి తప్పించుకుంటది!

కిరోసిన్ పోయొద్దు, అగ్గిపుల్ల అంటియ్యొద్దు. సన్న మొన ట్వీజర్‌తోని చర్మానికి ఆనిచ్చి పట్టి, మెలి తిప్పకుండ నిదానంగ సీదా పైకి గుంజుండ్రి, గోర్లతోని నలపొద్దు, సబ్బుతోని కడుగుండ్రి. 2 వారాలల్ల జరం, దద్దుర్లు వస్తే గోమారి కరిచిందని డాక్టర్‌కు ముందుగాలనే చెప్పుండ్రి, డాక్సీసైక్లిన్ లాంటి బాక్టీరియా మీద పనిచేసే మందు లేట్ కావొద్దు.