పల్లవి తిరిగొచ్చే చోటే కథ మలుపు: మ్యూజిక్ వీడియోలో కథ వరుసగా చెప్పాలా, వరుస మార్చాలా?

నెల్లూరు, కావలి, ఒంగోలు కుర్రాళ్ళు తీస్తున్న ఇండిపెండెంట్ పాటలు ఈమధ్య చాలానే చూస్తున్నాను. మైపాడు బీచ్‌లో తెల్లవారుజాము, పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి గాలిగోపురం, కనిగిరి వైపు ఎర్రమట్టి దారులు కళ్ళకు నిండుగానే ఉంటాయి. నాలుగు నిమిషాలయ్యాక మాత్రం ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియదు. కథ లేక కాదు. కథను పాట మీద ఎక్కడ పరచాలో ముందే తేల్చుకోకపోవడం వల్ల వచ్చిన చిక్కు అది.

జరిగింది జరిగినట్టు చెప్పుకుపోతే లీనియర్. ముందుది వెనక్కి, వెనకది ముందుకి జరిపి చెబితే నాన్‌లీనియర్. ఈ రెండోది సినిమావాళ్ళు కనిపెట్టిందేమీ కాదు. మహాభారతంలో భీష్మపర్వం చూడండి. సంజయుడు యుద్ధభూమి నుంచి వచ్చి భీష్ముడు పడిపోయాడన్న కబురు ముందే ధృతరాష్ట్రుడి చెవిన వేస్తాడు. ఆ పది రోజుల యుద్ధం ఎలా సాగిందో ఆ తర్వాత చెబుతాడు. భీష్ముడు పడతాడా అన్న ప్రశ్న అక్కడ లేదు. అంతటివాడు ఎలా పడ్డాడన్నదే కథను నడిపిస్తుంది. ఆ పర్వాన్ని తెలుగు చేసిన తిక్కన మన నెల్లూరు రాజు మనుమసిద్ధి కొలువులోవాడే. వరుస మార్చిన కథ మనకు కొత్త కాదని చెప్పడానికే ఇదంతా.

ముందు పాటను కాగితం మీద పెట్టండి

కెమెరా జోలికి పోకముందే పాటను పదిసార్లు వినండి. విని, ఏ సెకనులో ఏముందో రాసుకోండి. 4 నిమిషాల 10 సెకన్ల పాట ఉందనుకుందాం. మొదటి 18 సెకన్లు సంగీతం. 0:50 దాకా పల్లవి. 1:15 దాకా బీజీఎం, అంటే మాటల్లేని సంగీతం. 1:55 దాకా మొదటి చరణం. 2:12 వరకు పల్లవి మళ్ళీ. 2:40 దాకా రెండో బీజీఎం. 3:20 దాకా రెండో చరణం. మిగతా 50 సెకన్లు పల్లవి, హమ్మింగ్.

ఈ కాగితంలో ఒకటి గమనించండి. చరణాలు ముందుకు నడుస్తాయి, పల్లవి మాత్రం వెనక్కి వస్తుంది. అవే మాటలు, అదే బాణీ మూడుసార్లు వినిపిస్తాయి. మన పాటలో పుట్టుకతోనే ఒక చక్రం ఉంది. పల్లవి తిరిగొచ్చిన ప్రతిసారీ చూసేవాళ్ళకు అవే మాటలు వేరే అర్థంలో వినిపించాలి. లీనియర్ అయినా నాన్‌లీనియర్ అయినా నేను పట్టుకు వేలాడే సూత్రం ఇదొక్కటే.

కథను ముందు ముక్కుసూటిగా రాయండి

చివరికి ఎలా చెప్పినా, రాయడం మాత్రం వరుసగానే రాయాలి. చిన్న చీటీలు తీసుకుని ఒక్కో దాని మీద ఒక్కో సంఘటన రాయండి. నాలుగు నిమిషాల పాటకు ఎనిమిది చీటీలు చాలు. పన్నెండు దాటితే ఒక్కో సంఘటనకు ఇరవై సెకన్లు కూడా మిగలవు.

ఉదాహరణకు మన రొట్టెల పండగ తీసుకుందాం. మొహర్రం రోజుల్లో నెల్లూరు బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో జనం నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఉద్యోగ రొట్టె, ఇలా ఏ కోరికకు ఆ రొట్టె. కోరిక ఉన్నవాళ్ళు పట్టుకుంటారు. తీరినవాళ్ళు మరుసటేడు వచ్చి అదే రకం రొట్టె వదులుతారు. రెండేళ్ళను ఒకే నీళ్ళలో నిలబెట్టే పండగ ఇది. వరుస మార్చి చెప్పే కథకు ఇంతకన్నా మంచి తావు మన జిల్లాల్లో నాకు కనిపించలేదు.

చీటీలు ఇలా ఉంటాయి. ఒకటి, కావలి అమ్మాయి, కొత్తపట్నం అమ్మాయి నెల్లూరులో ఒకే గదిలో ఉండి డీఎస్సీకి చదువుతుంటారు. రెండు, చెరువులో ఒక పెద్దావిడ దగ్గర ఉద్యోగ రొట్టె పట్టుకుని చెరో సగం తింటారు. మూడు, పరీక్ష. నాలుగు, కావలి అమ్మాయికి ఉద్యోగం వస్తుంది, రెండో అమ్మాయికి రాదు. ఐదు, రెండో అమ్మాయి పెట్టె సర్దుకుని ఊరెళ్ళిపోతుంది, ఫోన్ ఎత్తదు. ఆరు, ఒకరు బడిలో నల్లబల్ల ముందు, ఒకరు కొత్తపట్నం తీరాన చేపలు ఆరబెడుతూ. ఏడు, ఏడాది తర్వాత కావలి అమ్మాయి రొట్టెలు కాలుస్తుంది. ఎనిమిది, చెరువులో నిలబడి "ఉద్యోగ రొట్టె" అని పిలుస్తుంది. ఒక చెయ్యి ముందుకొస్తుంది. తలెత్తి చూస్తే కొత్తపట్నం అమ్మాయే.

ఏ దారి? సాహిత్యంలో క్రియలను అడగండి

పాట సాహిత్యం తీసుకుని క్రియల కింద గీతలు గీయండి. "వస్తావా, చూస్తున్నా, ఎప్పుడో" లాంటివి ఎక్కువుంటే పాట ముందుకు చూస్తోంది. లీనియర్‌గా వెళ్ళండి. "వచ్చావు, నవ్వుకున్నాం, గుర్తుందా" అని ఉంటే పాట వెనక్కి తిరిగి చూస్తోంది. వరుస మార్చడం అక్కడ సహజంగా కుదురుతుంది. సాహిత్యం ఒక కాలంలో, బొమ్మ ఇంకో కాలంలో లాగితే చూసేవాళ్ళు అలసిపోతారు.

ఆ తర్వాత ఇంకో ప్రశ్న. చూసేవాళ్ళలో "తర్వాత ఏమైంది" అన్న ఆత్రం రావాలా, "ఎందుకలా" అన్న ఆత్రం రావాలా? మొదటిదైతే వరుస చెడగొట్టకండి. కొత్తగా ఉంటుందన్న ఒక్క కారణంతో ముక్కలు చేసిన కథలు నేనెన్నో చూశాను. ఒక్కటీ గుర్తు లేదు.

పల్లవి మీద పరచడం

లీనియర్‌గా చెబితే మొదటి పల్లవికి గదిలో స్నేహం, రెండో పల్లవికి ఖాళీ మంచం, చివరి పల్లవికి చెరువులో కలయిక. ప్రతి పల్లవికీ కాలం ముందుకు జరుగుతుంది.

నాన్‌లీనియర్‌గా అయితే ఎనిమిదో చీటీని మూడు ముక్కలు చేస్తాను. మొదటి పల్లవికి నీళ్ళ మీద రెండు చేతులు, మధ్యలో రొట్టె, అంతే. మొహాలు ఉండవు. చూసేవాళ్ళు పండగ దృశ్యమే అనుకుంటారు. మొదటి చరణంలో గది, చదువు, పంచుకున్న రొట్టె. అక్కడే కొత్తపట్నం అమ్మాయి మణికట్టుకు ఎర్ర దారం, దానికి కట్టిన గవ్వ కనబడాలి. రెండోసారి పల్లవి వచ్చినప్పుడు అదే షాట్ కొంచెం వెడల్పుగా చూపిస్తే, రొట్టె అందుకుంటున్న చేతికి గవ్వ ఉంటుంది. రెండో చరణంలో ఫలితాలు, ఎడబాటు. ఆఖరి పల్లవికి మొహాలు. షాట్ ఒక్కటే, మాటలు అవే, అర్థం మూడు రకాలు.

పూర్తిగా వెనక్కి నడిపించే పద్ధతీ ఉంది. 2002లో వచ్చిన బ్రిటిష్ బ్యాండ్ కోల్డ్‌ప్లే పాట ‘ది సైంటిస్ట్’ వీడియో అలాంటిదే. దృశ్యమంతా వెనక్కి నడుస్తుంటే గాయకుడి పెదవులు మాత్రం పాటతో సరిగ్గా కలుస్తాయి. అందుకోసం ఆ గాయకుడు క్రిస్ మార్టిన్ పాట మాటలను చివర్నుంచి మొదటికి పలకడం నేర్చుకున్నాడు. అంత సాధనకు సిద్ధమైతేనే ఆ దారి పట్టండి.

కాలానికి గుర్తులు

రెండు కాలాలు ఉన్నప్పుడు ప్రతి షాట్ చూడగానే ఇది ఏ ఏడాదో తెలియాలి. మీ వీడియో చూసేది చాలామంది ఫోన్‌లోనే. గోడమీది క్యాలెండర్ ఫోన్‌లో కనబడదు. చున్నీ రంగు, జడ, కళ్ళజోడు, వెలుగు లాంటి పెద్ద గుర్తులు పెట్టుకోండి. మొదటి ఏడాదికి పొద్దుటి ఎండ, రెండో ఏడాదికి సాయంత్రం వెలుగు అనుకుంటే ఒకే రోజులో రెండేళ్ళూ తీసేయొచ్చు. పాతకాలం కదా అని నలుపు తెలుపు చేయడం నాకు నచ్చదు. ఆ ఎర్ర దారం రంగు పోతే మన కథే పోతుంది.

పెదవులు కదిపి పాడటం ఒక్క కాలంలోనే ఉంచండి. రెండు కాలాల్లోనూ పాడితే ఎవరు ఎవర్ని తలుచుకుంటున్నారో తెలియక జనం తికమక పడతారు.

షూటింగ్ రోజు

కథ వరుసలో తీయకండి, చోటు వరుసలో తీయండి. గదిలోవన్నీ ఒకరోజు, తీరంలోవన్నీ ఇంకోరోజు. అందుకే ఒకరి చేతిలో నోటుపుస్తకం తప్పనిసరి. చీటీ నంబరు, బట్టలు, గవ్వ ఏ చేతికి ఉంది, అన్నీ రాస్తూ ఉండాలి. చీటీ నంబరు క్లాప్ మీద, అంటే షాట్‌కు ముందు కెమెరాకు చూపించే పలక మీద కూడా రాయండి.

పండగ గుంపులో నటీనటుల్ని పెట్టి తీయడం మంచిది కాదు. అక్కడికి వచ్చినవాళ్ళు మొక్కుతో వస్తారు. వాళ్ళ మొహాల ముందుకు కెమెరా తీసుకెళ్ళే హక్కు మనకు లేదు. అనుమతి తీసుకుని దూరం నుంచి గుంపును తీసుకోండి. దగ్గరి షాట్లు వేరే రోజు, మోకాలి లోతు నీళ్ళున్న ఇంకో చెరువులో తీసినా అతుకు తెలియదు. మొహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది కాబట్టి తేదీ ముందే చూసుకోండి.

చెరువు షాట్ స్లో మోషన్‌లో కావాలంటే, పెదవుల కదలిక కూడా ఉంటే, ఒక లెక్క గుర్తుంచుకోండి. సెకనుకు 50 ఫ్రేములతో తీసి 25తో ఆడిస్తారు కాబట్టి, తీసేటప్పుడు పాటను రెట్టింపు వేగంతో వినిపించి ఆ వేగంతోనే పాడించాలి. అప్పుడే ఎడిటింగ్‌లో పెదవులు కలుస్తాయి.

ఎడిటింగ్, ఆ తర్వాత

ముందు మొత్తం వరుసగా పేర్చండి. ఆ వరుసలో కథ తెలియకపోతే ముక్కలు అటూ ఇటూ మార్చినా తెలియదు. తెలిసిందంటే అప్పుడు కాపీ తీసుకుని చీటీలు మార్చినట్టు షాట్లు మార్చి చూడండి.

తర్వాత సౌండ్ తీసేసి, కథ తెలియని ఒకరికి చూపించండి. మీ టీమ్‌లో వాళ్ళు పనికిరారు, టీ కొట్టు అన్నో, పక్కింటి అక్కో కావాలి. మధ్యలో ఏమీ వివరించకండి. అయిపోయాక రెండే ప్రశ్నలు అడగండి: రొట్టె ఇచ్చింది ఎవరు, పట్టుకుంది ఎవరు? మొదటిది చెప్పలేకపోతే ఏడో చీటీ, రొట్టెలు కాల్చే షాట్, సరిపోలేదన్నమాట. రెండోదానికి తడబడితే మొదటి చరణంలో గవ్వ షాట్‌ను ఇంకో సెకను పొడిగించి, ఈసారి వేరే మనిషికి చూపించండి.