ముందు అద్దానికి లోపల ఆవిరి పట్టడం: నాకు పనిచేసిన పద్ధతి

చలికాలం పొద్దున్నే కారు తీస్తే ముందు అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టేసి రోడ్డు కనపడేది కాదు. గుడ్డతో తుడవడం, కిటికీ దించడం, హీటరొక్కటే పెట్టడం, ఏదీ నిలవలేదు.

మ్యాట్లు ఎత్తి చూస్తే కింద కార్పెట్ తడిగా ఉంది. ముందు అది పూర్తిగా ఆరబెట్టాను. తర్వాత అద్దం లోపలి జిడ్డు పొరను మైక్రోఫైబర్ గుడ్డతో వదిలించాను. మురికి అద్దానికి తేమ తొందరగా పడుతుంది.

అసలు తేడా తెచ్చింది బండి స్టార్ట్ చేశాక చేసే పని. రీసర్క్యులేషన్ (కారు లోపలి గాలినే మళ్ళీ మళ్ళీ తిప్పే సెట్టింగ్) ఆపేసి బయటి గాలి రానివ్వాలి. లేకపోతే మన ఊపిరిలోని తేమే లోపల తిరుగుతుంది. గాలిని అద్దం వైపు తిప్పి, వేడి పెంచి, దాంతోపాటే ఏసీ కూడా వేయాలి. చలిలో ఏసీ ఎందుకనిపిస్తుంది కానీ, గాలిలో తేమను లాగేసేది అదే. అద్దం పూర్తిగా తేటపడ్డాకే బండి కదిలించండి, దయచేసి.

అన్ని కార్లకూ ఇదే సరిపోతుందని చెప్పలేను. సున్నా డిగ్రీల దగ్గర చాలా కార్లలో ఏసీ కంప్రెసర్ పనిచేయదు. అప్పుడు వేడి గాలే దిక్కు. ఆవిరి జిడ్డుగా, తియ్యటి వాసనతో ఉంటే మాత్రం హీటర్ కోర్ (లోపలికి వచ్చే గాలిని వేడిచేసే భాగం) నుంచి కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కారుతుండొచ్చు, మెకానిక్‌కి చూపించండి.