‘లీప్’ అనే ఇంగ్లీషు మాట మూలం వెతకడం ఎలా?

దూకడానికి ఇంగ్లీషులో జంప్, హాప్, స్కిప్ వంటి మాటలు చాలానే ఉన్నా, పదాల పుట్టుపూర్వోత్తరాలు వెతకడం నేర్చుకోదలచినవారు ‘లీప్’తో మొదలుపెట్టడం మంచిది. దాని చరిత్ర చాలా దూరం వరకు స్పష్టంగా కనిపిస్తుంది, పైగా లీపు సంవత్సరం రూపంలో అది మన క్యాలెండర్లలోకీ వచ్చింది.

ముందుగా తగిన నిఘంటువును ఎంచుకోవాలి. విద్యార్థుల నిఘంటువులు సాధారణంగా నేడు ఎక్కువగా వాడే అర్థాన్ని మొదట ఇస్తాయి. 1884లో భాగాలుగా వెలువడడం మొదలై 1928లో పూర్తయిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ మాత్రం అర్థాలను పుట్టిన వరుసలో, పాత ప్రయోగాల కాలంతో సహా చూపుతుంది.

తరువాత పాత రూపాన్ని చూడాలి. ప్రాచీన ఇంగ్లీషులో ఈ క్రియ ‘హ్లేఆపన్’. మొదటి హకారం కాలక్రమంలో జారిపోయింది. ఇప్పుడు దీని పక్కన సోదర భాషల మాటలను పెట్టి చూడాలి: ప్రాచీన నార్స్‌లో ‘హ్లౌపా’, జర్మన్‌లో ‘లౌఫెన్’, డచ్‌లో ‘లోపెన్’. అర్థాలు పోల్చినప్పుడే అసలు రుచి తెలుస్తుంది. నేటి జర్మన్ మాటకు పరుగెత్తడం, నడవడం అని అర్థం, డచ్ మాటకు ముఖ్యంగా నడవడమే అర్థం, ప్రాచీన ఇంగ్లీషు మాటకైతే దూకడంతో పాటు పరుగెత్తడం అనే అర్థమూ ఉండేది. పరుగు ఇంగ్లీషు ‘లీప్’లో మరుగునపడినా, ఫ్రెంచి మీదుగా వచ్చిన ‘గ్యాలప్’లో మిగిలిందనీ, గుర్రపు పరుగును తెలిపే ఆ మాటలో ఈ ధాతువే దాగి ఉందనీ పండితులు భావిస్తారు.

ఆపై సమాసాలను విప్పాలి. లీపు సంవత్సరంలో దూకేది ఏమిటి? మామూలు సంవత్సరంలో 52 వారాల మీద ఒక రోజు మిగులుతుంది కనుక ఏ తేదీ అయినా మరుసటి ఏడాది ఒక వారం ముందుకు జరుగుతుంది. ఇక్కడ వారం అంటే సోమ, మంగళ అనే అర్థంలోనే సుమా. ఆగస్టు 15 తేదీ 2022లో సోమవారం, 2023లో మంగళవారం వచ్చింది. 2024లో ఫిబ్రవరి 29 అడ్డుపడడంతో అది బుధవారాన్ని దాటి గురువారం మీదికి దూకింది. ఆ పేరుకు సాధారణంగా చెప్పే వివరణ ఇదే.

ధ్వని సామ్యాన్ని మాత్రం వెంటనే నమ్మరాదు. ఒంటికాలితో గెంతడాన్ని తెలిపే ‘హాప్’ ప్రాచీన ఇంగ్లీషు నుంచే వచ్చింది, బీరులో వేసే హాప్ మొక్క పేరు డచ్ నుంచి వచ్చింది. ఆ రెంటికీ చుట్టరికం లేదు.

చివరగా, అర్థం అలా మారడం సహజమేనా అన్న సందేహం వస్తే మన మాటలతో పోల్చుకోవచ్చు. సంస్కృతంలో ‘లంఘనం’ అంటే దూకడం, దాటడం. నియమాన్ని దాటితే ఉల్లంఘన, భోజనాన్ని దాటవేస్తే లంఖణం.