లువార్ ఒడ్డున వారం రోజులు: సోమ్యూర్ నుంచి బ్లవా దాకా తాపీగా సైకిలు యాత్ర

ఫ్రాన్సులో సైకిలు యాత్ర అనగానే చాలామంది రోజుకు 80, 90 కిలోమీటర్ల చొప్పున ప్లాను వేసుకుంటారు. లువార్ నది లోయలో ఆ లెక్క చెల్లదు. దారి చాలావరకు చదును, కాళ్ళకు పెద్ద శ్రమ ఉండదు. పేచీ అంతా గడియారంతోనే. పల్లెల్లో మధ్యాహ్నం 12:30 ప్రాంతంలో మూసిన కొట్టు మళ్ళీ 2:30కో, 3కో తెరుస్తారు. చాలా హోటళ్ళలో 2 దాటితే వంట ఉండదు, మళ్ళీ రాత్రి 7కే. కోటల్లో టికెట్లు మూసే వేళకు ముందే ఆపేస్తారు. రోజుకు 30 నుంచి 40 కిలోమీటర్లు పెట్టుకుంటేనే తిండి, కోట, నిద్ర మూడూ కుదురుతాయి.

లువార్ ఆ వెలో అని పిలిచే ఈ సైకిలు దారి నెవేర్ పట్టణం దగ్గరి కుఫీ నుంచి అట్లాంటిక్ తీరం దాకా సుమారు 900 కి.మీ. సాగుతుంది. నల్ల సముద్రం దాకా పోయే యూరోవెలో 6 అనే పొడవాటి సైకిలు మార్గంలో ఇదొక భాగం. సుల్లీ నుంచి షలోన్ దాకా ఉన్న లోయను యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు సోమ్యూర్, బ్లవా పట్టణాల మధ్య ముక్క చాలు. పక్కదారులు కలుపుకుంటే 230 కి.మీ. అటూఇటుగా వస్తుంది.

ఎక్కువమంది నది పారే వైపే, అంటే తూర్పు నుంచి పడమరకు తొక్కుతారు. పల్లంలోకి పోతున్నాం కదా అనుకుంటారు గానీ, ఇక్కడ నది వాలు కిలోమీటరుకు అర మీటరు కూడా ఉండదు. అది కాలికి తెలియదు. గాలి మాత్రం బాగా తెలుస్తుంది. ఈ లోయలో గాలి తరచుగా పడమటి నుంచి, సముద్రం వైపు నుంచి వీస్తుంది. బ్యాగులు కట్టిన సైకిలుకు ఎదురుగాలి ఎక్కుడు కన్నా చెడ్డది. ఎక్కుడు కాసేపటికి అయిపోతుంది, గాలి సాయంత్రం దాకా వదలదు. అందుకే సోమ్యూర్‌లో మొదలుపెట్టి తూర్పుకు పొమ్మంటాం.

ఏ రోజు ఎక్కడ

మొదటి రోజు సోమ్యూర్ నుంచి షీనోన్, సుమారు 35 కి.మీ. త్యుర్కాన్ దగ్గర సున్నపురాతి గుట్టలోకి తొలిచిన ఇళ్ళు కనిపిస్తాయి. వియెన్ నది లువార్‌లో కలిసే కాంద్-సాన్-మార్తాన్ దగ్గరి నుంచి 5 కి.మీ. లోపలికి ఎక్కితే ఫోంతెవ్రో మఠం. ఇంగ్లండు రాజు రెండో హెన్రీ, రాణి ఎలియనోర్, వాళ్ళ కొడుకు రిచర్డుల సమాధి శిల్పాలు అక్కడే ఉన్నాయి. ఎక్కుడు ఉన్నా వదులుకోవద్దు. షీనోన్ కోట 1429లో జోన్ ఆఫ్ ఆర్క్ యువరాజు షార్ల్‌ను కలిసిన చోటు.

రెండో రోజు ఉస్సే కోట మీదుగా అజే-ల-రిదో, మూడో రోజు విలాండ్రీ మీదుగా తూర్, రెండూ 30 నుంచి 35 కి.మీ. విలాండ్రీలో తొమ్మిది చదరాలుగా వేసిన కూరగాయల తోటను ముందు పైమెట్టు మీది నుంచి చూసి, తర్వాత కిందికి దిగండి. పైనుంచి చూస్తేనే దాని అమరిక తెలుస్తుంది. నాలుగో రోజు తూర్ నుంచి ఆంబ్వాజ్‌కు 28 కి.మీ. దాకా ఉంటుంది. లియొనార్డో డా విన్చీ 1519 మే 2న కన్నుమూసిన క్లో ల్యుసే భవనం ఈ ఊళ్ళోనే.

ఐదో రోజు బ్యాగులు బసలోనే వదిలేసి, అడవి దారిన షెనోన్సో వెళ్ళి రండి. పోనూ రానూ 28 కి.మీ. షేర్ నది మీద వంతెనలా కట్టిన ఆ కోటకు టూరిస్టు బస్సులు ఉదయం పది దాటాక వరసకడతాయి, కాబట్టి తలుపులు తీసే వేళకే చేరాలి. ఆరో రోజు షోమోన్ మీదుగా బ్లవా, 42 కి.మీ.; మధ్యలో ద్రాక్షతోటల్లో చిన్న చిన్న ఎక్కుడుదిగుళ్ళు ఉంటాయి, దారి మొత్తంలో కాస్త బరువైన రోజు ఇదే. చివరి రోజు షాంబోర్ వెళ్ళి రావడం. ఆ అడవి చుట్టూ ఉన్న గోడ పొడవే 32 కి.మీ.

సైకిలు అద్దెకు తీసుకునేటప్పుడు

వేతేసే అని అడిగితే నిటారుగా కూర్చుని తొక్కే టూరింగు సైకిలు ఇస్తారు. 35 నుంచి 42 మి.మీ. వెడల్పు టైర్లు ఉండాలి. నది ఒడ్డు దారిలో తారుతో పాటు కంకర, ఊళ్ళలో రాళ్ళు పరిచిన వీధులు వస్తాయి. సన్నటైర్లు అక్కడ జారతాయి. ఒకచోట తీసుకుని ఇంకోచోట అప్పగించే వీలుందో లేదో బుక్ చేసే ముందే కనుక్కోండి.

కొట్టు గుమ్మం దాటకముందే బ్రేకులు చూసుకోండి. మన దగ్గర ముందు బ్రేకు సాధారణంగా కుడిచేతి కింద ఉంటుంది. ఫ్రాన్సులో చాలా సైకిళ్ళకు ఎడమచేతి కింద. అలవాటు కొద్దీ దిగుడులో ఎడమ లీవరు గట్టిగా నొక్కితే ముందు చక్రం పట్టేసి మనిషి హ్యాండిల్ మీదుగా పడతాడు. ఖాళీ సందులో పది నిమిషాలు అటూఇటూ తిరిగి వేళ్ళకు అలవాటు చేయండి.

సీటు ఎత్తుకు ఒక గుర్తు: పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా చాచుకోవాలి. వెనక క్యారియర్‌కు రెండు వైపులా బ్యాగులు, మొత్తం 10 నుంచి 12 కిలోలు మించకుండా, బరువైనవి అడుగున. తొక్కేటప్పుడు మడమ బ్యాగుకు తగులుతుంటే కొక్కేలు సడలించి బ్యాగును వెనక్కి జరపండి.

పంచర్లు ఎక్కువగా వెనక చక్రానికే. ట్యూబుకు పక్కపక్కనే రెండు సన్న చీలికలు కనిపిస్తే అది ముల్లు కాదు. గాలి తక్కువై, రాతి అంచుకు రిమ్ము ట్యూబును నొక్కేసిందని అర్థం. 40 మి.మీ. టైరుకు, 75 కిలోల మనిషికి, సామానుతో కలిపి గాలి ఒత్తిడి వెనక 4 బార్, ముందు 3.5 బార్ దాకా ఉంచండి. టైరు పక్కన ముద్రించిన హద్దు దాటొద్దు. చాలా సైకిళ్ళకు సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటుంది. మన ఊళ్ళో మామూలు సైకిలు పంపు దానికి పట్టకపోవచ్చు. వాల్వు కొసనున్న బుల్లి నట్టును విప్పి, ఒక్కసారి వేలితో నొక్కి 'సుయ్'మని గాలి వదిలాకే పంపు తగిలించాలి. ఆ నట్టు విప్పకుండా ఎంత కొట్టినా గాలి లోపలికి వెళ్ళదు. కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపలి వైపు వేళ్ళతో మెల్లగా తడిమి చూడండి. ముల్లు అక్కడే ఉండిపోతే రెండో ట్యూబు కూడా పోతుంది. రెండు ట్యూబులు, టైరు లీవర్లు, పంపు, ఆలెన్ కీల సెట్టు, చైను ఆయిలు, ఇంతే చాలు.

రోడ్డు మీద

కుడివైపున నడపాలి. రౌండబౌట్‌లో అపసవ్య దిశలో తిరగాలి, లోపల ఉన్నవాళ్ళకే ముందు దారి. బోర్డూ గీతా లేని కూడలిలో కుడిపక్క సందులోంచి వచ్చే బండికి దారి ఇవ్వాలి, అది ఎంత చిన్న సందైనా సరే. మనవాళ్ళకు పాత ఊళ్ళలో గండం ఇక్కడే. వన్ వే బోర్డు కింద "సోఫ్ వెలో" అని ఉంటే సైకిళ్ళు ఎదురుగా పోవచ్చు. 12 ఏళ్ళలోపు పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తొక్కడం నేరం. ఊరి బయట చీకట్లో, పొగమంచులో మెరిసే జాకెట్ వేసుకోవాలి. దారంతా ద్రాక్షసారా రుచి చూపించే గుహలే కాబట్టి ఇదీ గుర్తుంచుకోండి: లీటరు రక్తానికి 0.5 గ్రాముల మద్యం హద్దు సైకిలు తొక్కేవాళ్ళకూ వర్తిస్తుంది.

తిండీ నీళ్ళూ

రొట్టె, జున్ను, పళ్ళు ఉదయం 11:30 లోపే కొనేయండి. ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా చిన్న ఊళ్ళలో చాలా కొట్లు మూతే. శనివారమే కొంత సరుకు దాచుకోండి. ఆంబ్వాజ్‌లో ఆదివారం పొద్దున సంత ఉంటుంది, వీలైతే ఆ రోజు అక్కడ పడేట్టు చూసుకోండి. సాంత్-మోర్ అనే మేకపాల జున్ను ఈ ప్రాంతానిదే. మధ్యలో గుచ్చిన గడ్డిపుల్లను లాగేసి కోయాలి. శాకాహారులు సలాడు అని చూసి ధీమా పడొద్దు: పైన పంది మాంసం ముక్కలు చల్లడం అక్కడ మామూలే. "సాన్ లార్దోన్" అని ముందే చెప్పాలి.

మంచినీళ్ళ సీసా నింపుకోవడానికి పల్లెల్లో దారి శ్మశానమే. గేటు పక్కన పూలకుండీల కోసం కొళాయి ఉంటుంది, ఫ్రెంచి సైకిలువాళ్ళు దశాబ్దాలుగా అక్కడే నింపుకుంటున్నారు. "ఓ నోన్ పోతాబ్ల్" అని రాసి ఉంటే మాత్రం తాగొద్దు.

ఎప్పుడు, ఎలా

మే, జూన్, సెప్టెంబరు మంచివి. జులై 14 నుంచి ఆగస్టు నెలాఖరు దాకా బసలు ముందే నిండిపోతాయి. చలికాలంలోనూ వసంతం మొదట్లోనూ వరద వస్తే ఒడ్డు దారులు మునుగుతాయి. బసకు "అక్కుయ్ వెలో" గుర్తున్నవి చూడండి. సైకిలుకు తాళం వేసే చోటు, రిపేరు సామాను వాళ్ళ దగ్గర ఉంటాయి. భారతీయ పాస్‌పోర్టుకు షెంగెన్ వీసా కావాలి: ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా చూపించాలి.

తిరుగు ప్రయాణానికి బ్లవా నుంచి పారిస్ ఓస్తెర్లిట్స్‌కు నేరుగా రైళ్ళున్నాయి. సొంత సైకిలు ఉంటే ఆ రైలులో చోటు ముందే బుక్ చేయాలో లేదో టికెట్ కొనేటప్పుడే చూసుకోండి. బోగీలో సైకిలును కొక్కేనికి వేలాడదీయాల్సి రావచ్చు. ప్లాట్‌ఫారం మీదే బ్యాగులు విప్పి పెట్టుకోకపోతే రైలు ఆగే రెండు నిమిషాల్లో పని తెమలదు. బ్లవా స్టేషను ఊరి పైభాగాన ఉంది, నది ఒడ్డు నుంచి అంతా ఎక్కుడే. బసలోంచి అరగంట ముందే బయల్దేరండి.