ఎవల్యూషన్ థియరీలో శిలాజాల మాట ఎంత చెల్లింది? ఆ హిస్టరీ చదివే పద్ధతి

పేలియంటాలజీ, అంటే శిలాజాల శాస్త్రం, దాని హిస్టరీ చదువుదామని కూర్చుని చాలామంది డైనోసార్ల దగ్గరే ఆగిపోతారు. అలా కాకుండా ఒక్క ప్రశ్న పట్టుకుని చదవండి: ఇక్కడ శిలాజం ఊరికే సాక్ష్యం చెప్పడానికొచ్చిందా, లేక థియరీనే మార్చమంటోందా?

ముందు 1859లో వచ్చిన డార్విన్ పుస్తకం 'ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్' మొదటి ఎడిషన్‌లో తొమ్మిదో చాప్టర్ తీయండి, మిగతాది తర్వాత చూసుకోవచ్చు. శిలాజాలన్నీ నావైపే అంటాడేమో అనుకుంటాం కదా, అక్కడంతా సంజాయిషీనే. మధ్యరకం జీవులు దొరకట్లేదంటే రాళ్ళలో రికార్డే అరకొరగా ఉంది అంటాడు. రెండేళ్ళకి జర్మనీలో ఆర్కియాప్టెరిక్స్ బయటపడింది, పక్షిలా ఈకలు, బల్లిలా పొడవాటి ఎముకల తోక. అయినా సాక్షి హోదానే.

అక్కణ్ణుంచి 1944కి దూకేయండి. సింప్సన్ అనే అమెరికన్ పేలియంటాలజిస్టు శిలాజాల్లో కనిపించే మార్పుల వేగాన్ని జెనెటిక్స్‌తో కలిపి చూపించాడు. థియరీలోకి శిలాజాలకి ఎంట్రీ దొరికింది గానీ, నాకైతే జెనెటిక్స్ వాళ్ళకి తలూపినట్టే అనిపిస్తుంది.

1972 దగ్గర మాత్రం తీరిగ్గా కూర్చోండి, అసలు గొడవంతా ఇక్కడే. ఎల్డ్రెడ్జ్ అనే పేలియంటాలజిస్టు చూసింది ఫాకాప్స్ అనే ట్రైలోబైట్ (ఎప్పుడో అంతరించిన, గట్టి పెంకున్న సముద్రజీవి) కళ్ళు, వాటిలో లెన్సులు నిలువు వరసల్లో ఉంటాయి, ఆ వరసల లెక్క లక్షల ఏళ్ళు అలాగే ఉండిపోయి 18 నుంచి 17కి రావడం మాత్రం టకామని జరిగినట్టు కనిపిస్తుంది. ఆయనా, ఇంకో పేలియంటాలజిస్టు గౌల్డూ కలిసి ఏమన్నారంటే, ఇది రికార్డు లోపం కాదు, జాతులు మారే తీరే అంత అని. డార్విన్ సంజాయిషీ ఇచ్చుకున్న చోటే వీళ్ళు థియరీ కట్టారు. "డార్విన్ తప్పని తేలిపోయింది" అనే వీడియోలు దీన్ని పట్టుకునే తిరుగుతుంటాయి, నమ్మకండి, జియాలజీలో టకామని అంటే వేల ఏళ్ళు.

తర్వాత 1984లో ఎవల్యూషన్ బయాలజిస్టు మేనార్డ్ స్మిత్ నేచర్ అనే సైన్స్ పత్రికలో రాసిన చిన్న వ్యాసం చూడండి. పేలియంటాలజిస్టుల్ని మళ్ళీ పెద్దల పంక్తిలోకి రమ్మంటాడు, అంటే అప్పటిదాకా విస్తరి వెయ్యలేదనేగా!

ప్రాక్టీస్‌కి టిక్టాలిక్ తీసుకోండి, చేపకీ నాలుగు కాళ్ళ జంతువుకీ మధ్యరకం జీవి శిలాజం అది. చేపలు నేలమీదికి వచ్చే కాలపు రాళ్ళు ఎక్కడ పైకి తేలి ఉన్నాయో మ్యాపుల్లో చూసుకుని, కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ ద్వీపానికెళ్ళి వెతికితే 2004లో దొరికింది, వయసు సుమారు 37.5 కోట్ల ఏళ్ళు. మొదట్లో పట్టుకున్న ప్రశ్న దీనికీ వేసి చూడండి. నా లెక్కలో ఇదీ సాక్షే, కాకపోతే ఫలానా చోట ఉంటుందని ముందే చెప్పి మరీ పిలిపించిన సాక్షి.